గాయపడినవానికి పక్షమేది?

ధర్మమును గూర్చిన ప్రశ్నలు కొన్ని పండితగోష్ఠులలో పుట్టును. కొన్ని ఆసుపత్రి వాకిట, స్ట్రెచరు ప్రక్కన పుట్టును. ఈ రెండవ తెగకు చెందిన ప్రశ్న నొకదానిని ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున ఒక తెలుగు సోదరి నన్నడిగినది. ఆమె నర్సు. ఆమె తాతగారు శ్రీకాకుళము ప్రాంతమునుండి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్కుషాపులో పనికి వచ్చి, అచ్చటనే స్థిరపడినవారు. మథురాకటిలో ఒక యింట గీతాపారాయణము ముగిసి ప్రసాదము పంచుచున్న వేళ ఆమె నెమ్మదిగా దగ్గరకు వచ్చి యిట్లడిగెను: “మాష్టారూ, పట్టాలు విప్పి రైలు పడగొట్టినవాడే దెబ్బలు తగిలి మా వార్డుకు వచ్చాడనుకోండి. వాడికీ నేను కట్టు కట్టవలసిందేనా? ఆ రైలులోని పిల్లల్ని ఎత్తుకున్న చేతులండీ ఇవి.”

నేను వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. సమదర్శనమును బోధించు శ్లోకములు నోటివరకు వచ్చినవి. కాని ఆమె తన రెండు చేతులను నా ముందు చాచి నిలువబడినది. ఆ చేతులను చూచుచు శ్లోకము చదువుటకు నాకు సిగ్గు కలిగినది. కష్టమెరుగనివాడు కష్టపడినవానికి చేయు బోధ ఎంత సత్యమైనను చులకనగా వినబడును. నాడు చెప్పలేకపోయిన సమాధానమును నేడు చెప్పుటకు చేయు ప్రయత్నమే యీ వ్యాసము.

ప్రశ్న పుట్టిన చోటు

ఖరగ్‌పూరు పేరు వినగానే మనవారికి పొడవైన ప్లాట్‌ఫారము, రైల్వే వర్కుషాపు, ఐ.ఐ.టి. జ్ఞప్తికి వచ్చును. హౌరానుండి చెన్నైకి పోవు దారియు, ముంబాయికి పోవు దారియు విడివడు కూడలి యది. ఉత్తరాంధ్రనుండి పొట్టచేతబట్టుకొని వెళ్ళిన కుటుంబములు తరతరములుగా అచ్చట నివసించుచున్నవి. గోల్‌బజారులో తెలుగు మాట వినబడని పూట యుండదు. ఇట్టి పనిపాటల పట్టణమునకు యుద్ధనీతితో పనియేమి యని తోచవచ్చును. కాని ఆ నేల హింసను పలుమారులు చూచినది.

నేడు ఐ.ఐ.టి. యున్న హిజ్లీలో ఆంగ్లేయుల కాలమున ఒక నిర్బంధశిబిర ముండెను. 1931 సెప్టెంబరు 16న అందులోని నిరాయుధులైన రాజకీయ నిర్బంధితులపై పోలీసులు తుపాకులు కాల్పగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త అను నిరువురు మరణించిరి. ఆ శిబిరభవనముననే 1951లో ఐ.ఐ.టి. ఆరంభమయ్యెను. పట్టణమునకు చేరువనే కలైకుండ విమానస్థావరము కలదు. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాను యుద్ధవిమానములు దానిపై దాడి చేసెను.

పడమటి దిక్కున అడవులు. జంగల్‌మహల్ అని పిలువబడు ఆ ప్రాంతమున 2008 మొదలు 2011 వరకు మావోయిస్టులకును ప్రభుత్వబలగములకును నడుమ తీవ్రమైన సంఘర్షణ నడచెను. 2008 అక్టోబరులో బెల్పహాడి ప్రాంతమున, పల్లెలకు వైద్యమందించు వాహనమొకటి మందుపాతరకు బలియై, అందులోని వైద్యుడు, నర్సు, డ్రైవరు ముగ్గురును మరణించిరి. 2010 మే 28న తెల్లవారకముందే సర్దిహా, ఖేమాశులీ స్టేషన్ల నడుమ జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పెను. ప్రక్కదారిని వచ్చుచున్న గూడ్సుబండి పడియున్న పెట్టెలను ఢీకొనెను. 140 మందికి పైగా మరణించిరి. పట్టాలను బిగించు క్లిప్పులను ఊడదీయుటయే కారణమని దర్యాప్తు సంస్థ అభియోగము మోపెను. ఆ తరువాత చాలకాలము ఆ దారిని రాత్రివేళ ప్రయాణికుల బండ్లు నడపలేదు. ఆ సోదరి చేతులు ఎత్తుకొన్నది ఆ రైలులోని పిల్లలనే.

కనుక ఆమె ప్రశ్న ఊహించి యడిగినది కాదు. తన వృత్తిలోనివారు పల్లెకు మందులు తీసికొనిపోయి ప్రాణములు కోల్పోయిన నేలమీద నిలిచి యడిగిన ప్రశ్న అది.

లోకము చేసికొనిన ఒడంబడిక

ఈ ప్రశ్నకు ప్రపంచరాజ్యములు కలిసి వ్రాసికొనిన సమాధాన మొకటి కలదు. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో యను చోట ఒకవైపు ఫ్రెంచివారు, సార్డీనియావారు, మరియొకవైపు ఆస్ట్రియావారు ఘోరముగ పోరాడిరి. ఒక్క దినమున వేలకొలది సైనికులు పడిపోయిరి. స్వంతపనిపై అటు వచ్చిన జెనీవా వర్తకుడు హెన్రీ డ్యునాంట్, దగ్గరనున్న కాస్తిల్యోనే గ్రామమున చర్చిలోను వీధులలోను నీళ్ళులేక, కట్టు కట్టువారులేక మరణించుచున్న క్షతగాత్రులను చూచెను. ఆ గ్రామస్త్రీలు ఏ సైన్యమువాడని యడుగక, అందరిని తోబుట్టువులుగా భావించి నీరు త్రాగించి గాయములు కడిగిరి. డ్యునాంట్ వారితో కలిసి పనిచేసెను. తాను చూచినదానిని 1862లో పుస్తకముగా వ్రాసెను. 1863లో రెడ్‌క్రాస్ సంస్థకు పునాది పడినది. 1864 ఆగస్టు 22న మొదటి జెనీవా ఒడంబడిక కుదిరినది. ఒక పల్లెలోని స్త్రీల కరుణ అయిదేండ్లలో రాజ్యముల చట్టమైనది!

నేడు అమలులో నున్నవి 1949 ఆగస్టు 12నాటి నాలుగు జెనీవా ఒడంబడికలు. భారతదేశము 1950లో వానిని ధ్రువీకరించి, 1960లో పార్లమెంటుచే ప్రత్యేకచట్టము చేయించినది. వాని సారము ఇది: గాయపడినవాడు, రోగి, ఆయుధము విడిచినవాడు, ఎవరి పక్షమువారైనను వారిని కాపాడి చికిత్స చేయవలెను. జాతి, మతము, రాజకీయాభిప్రాయము చూచి భేదము చేయరాదు. ఎవరిని ముందు చూడవలెనన్నది వైద్యపరమైన తొందరనుబట్టియే నిర్ణయింపవలెను. అనగా, మనవాని చిటికెనవ్రేలి గాయముకంటె ఎదుటివాని పొట్టలోని గుండు ముందు. అట్లే వైద్యులపైని, నర్సులపైని, అంబులెన్సులపైని, ఆసుపత్రులపైని దాడి చేయరాదు. నాలుగు ఒడంబడికలలోను ఒకే రూపమున నున్న మూడవ అధికరణము, ఒక దేశపు సరిహద్దులలో జరుగు సాయుధసంఘర్షణలలో కూడ గాయపడినవారిని చేరదీసి చికిత్స చేయవలెనని విధించుచున్నది. జంగల్‌మహల్‌లో జరిగినదానికి ఆ పేరు చెల్లునా యను వివాదమును న్యాయశాస్త్రజ్ఞులకు విడుచుదము. మందుల వాహనము క్రింద మందుపాతర పెట్టరాదని తెలిసికొనుటకు ఆ వివాదము తేలువరకు వేచియుండ నక్కరలేదు.

అంపశయ్యనుండి వచ్చిన మాట

ఇదియంతయు పాశ్చాత్యులు నేర్పిన మర్యాద యని కొందరందురు. మన గ్రంథములు తెరచి చూచినచో ఆ మాట నిలువదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున యుద్ధవ్యూహమును వర్ణించుచు, సేన వెనుక శస్త్రములు, యంత్రములు, ఔషధములు, తైలములు, కట్టుగుడ్డలు చేతబూనిన వైద్యులును, అన్నపానములు చూచు స్త్రీలును నిలిచియుండవలెనని చెప్పబడినది. భీష్మపర్వారంభమున కురుపాండవులు యుద్ధమునకు ముందే నియమములు చేసికొనిరి: ఆయుధము లేనివానిని, వెన్ను చూపినవానిని కొట్టరాదు, సారథులను, భారము మోయు జంతువులను, శంఖభేరీలు మ్రోగించువారిని చంపరాదు.

ఇంకను స్పష్టమైన మాట శాంతిపర్వమున కలదు. గాయపడి చిక్కిన శత్రువునకు తన రాజ్యముననే చికిత్స చేయింపవలెను, లేదా వానిని వాని యింటికి చేర్పవలెను. గాయము మానిన పిదప విడిచిపెట్టవలెను. ఇది భీష్ముడు ధర్మరాజునకు చేసిన బోధ. తీవ్రముగ గాయపడిన యుద్ధఖైదీలను స్వదేశమునకు పంపవలెనని 1949నాటి మూడవ ఒడంబడిక చెప్పుచున్నది. రెండు మాటల నడుమ ఎన్ని శతాబ్దములు గడచినను సారమొక్కటియే. ఈ మాట పలికినవాడెవడో మరువరాదు. తాతగారు సింహాసనముపై కూర్చుండి ఈ బోధ చేయలేదు. ఒడలెల్ల బాణములు గ్రుచ్చుకొనగా అంపశయ్యపై పరుండి చేసిరి. ఆ బాణములు వేసినవారిలోనివాడే ఎదుట కూర్చుండి వినుచున్నాడు. గాయమనగానేమో యెరిగినవాడు చెప్పిన యుద్ధనీతి అది. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో భీష్మపర్వము, శాంతిపర్వము రెండును చేరియున్నవి. కనుక ఇది తెలుగువాని చెవికి క్రొత్త మాటయు కాదు.

వైద్యుని ధర్మమును గూర్చి తులసీదాసు రామాయణమున మరియొక కథ కలదు. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు హనుమంతుడు లంకలోని సుషేణుడను వైద్యుని ఇంటితోసహా తీసికొనివచ్చెను. వాల్మీకమున సుషేణుడు వానరుడు. తులసీదాసు కథలో నాతడు రావణుని నగరమువాడు. తన రాజుతో పోరాడుచున్నవాని తమ్ముడు ఎదుట పడియున్నాడు. ఆ వైద్యుడు మందు చెప్పెను. ఆతని ద్రోహియని ఆ కావ్యము నిందింపలేదు.

మూడు సందేహములు

ఇంతవరకు చెప్పినది విని, ఆ సోదరి తల యూపియుండునేమో కాని, ఆమె మనస్సు ఊరడిల్లియుండదు. ఆమె పక్షమున మూడు సందేహములు వినవలెను.

మొదటిది: ఇది పాముకు పాలు పోయుట కాదా? బ్రతికించినవాడు మరల తుపాకి పట్టడా? దీనికి చట్టమిచ్చు సమాధానము సులభము. చికిత్స వేరు, విడుదల వేరు. గాయపడి చిక్కిన సైనికుని కట్టు కట్టి నిర్బంధములో నుంచుటకు ఒడంబడికలు అడ్డుపడవు. 1971 యుద్ధమున లొంగిపోయిన సుమారు 93,000 మందిని భారతదేశము నిర్బంధించి, పోషించి, చికిత్స చేయించి, 1974 నాటికి స్వదేశమునకు పంపినది. ఇక నేరము చేసినవాని మాట యందురా, వానికి కోర్టు కలదు. 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ విషయమునే తేల్చిచెప్పినది. గాయపడి వచ్చినవాడు నిర్దోషియైనను నేరస్థుడైనను వానికి తక్షణము చికిత్స చేయుట ప్రతి వైద్యుని విధి. నిర్దోషికి రక్షణ కలుగవలెనన్నను, దోషికి శిక్ష పడవలెనన్నను ముందు ప్రాణము నిలువవలెను. చచ్చినవానిని ఏ న్యాయస్థానమును విచారింపజాలదు. ఆ రాత్రి పట్టాలవద్ద నిజముగా ఏమి జరిగినదో వానినోట ఎవ్వరును వినజాలరు.

రెండవది: నియమములు నిలుచుచున్నవా? కురుక్షేత్రమున చేసికొనిన కట్టుబాట్లు ఒక్కటొక్కటిగ తెగిపోలేదా? అభిమన్యుడు అనేకుల చేత చిక్కి మరణించెను. రథచక్రమెత్తుచున్న కర్ణుడు కూలెను. నిద్రించుచున్నవారిని అశ్వత్థామ వధించెను. నిజమే. కాని వ్యాసభగవానుడు ఆ భంగములను భంగములుగనే లెక్కవ్రాసెను. అశ్వత్థామ మరణమును గూర్చి ధర్మరాజు పలికిన అర్ధసత్యమునకు, అంతవరకు నేలను తాకక నడచిన ఆయన రథము నేలకు దిగినది. గెలిచినవారి తప్పును గూడ దాచక వ్రాసిన యితిహాసము మనది. నియమము తెగినదని మనము గుర్తింపగలుగుటకు కారణము నియమ మొకటి యుండుటయే. మందుల వాహనము పేలినపుడు లోకము దానిని యుద్ధమనక పాపమనుటకు కారణమును అదియే. దొంగతనములు జరుగుచున్నవి గనుక దొంగతనము తప్పుకాదని ఎవ్వరైన అందురా?

మూడవది కఠినమైనది; ఆమె అసలు ప్రశ్న యిదియే. తల్లిని చంపినవానికి, బిడ్డను చంపినవానికి చేయు సేవ, చనిపోయినవారికి చేయు ద్రోహము కాదా? కట్టు కట్టుట వానిని క్షమించుట కాదా?

కాదు. ఇచ్చటనే మనము తరచు పొరపడుచున్నాము. క్షమ వేరు, సేవ వేరు. క్షమించు అధికారము దెబ్బతిన్నవారికే యుండును. భాగవతమున అర్జునుడు అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, వానిని విడువుమని వేడినది ద్రౌపది. నిద్రలో చంపబడిన బిడ్డల తల్లి ఆమె. తనవలె గురుపత్నియు కడుపుకోతతో ఏడువరాదని తలచినది. ఆ మాట మరియొకరు పలికియుండినచో అది తేలికమాట యయ్యెడిది; ద్రౌపది పలికినందున మహావాక్యమైనది. అయినను వానికి శిక్ష తప్పలేదు. శిరోమణి తీయబడి, వాడు అవమానముతో వెడలగొట్టబడెను. నర్సు ద్రౌపది కాదు. చనిపోయినవారి తరఫున క్షమించుటకు ఆమెకు అధికారము లేదు. ఆ కారణముననే వారి తరఫున దండించుటకును ఆమెకు అధికారము లేదు. క్షమ, దండన రెండును వార్డు వాకిటి బయటనే నిలిచిపోవలసినవి. లోపలికి రావలసినది గాయ మొక్కటియే.

ఇట్లు చూచినచో ఈ ధర్మము ఆమెపై మోపిన భారము కాదు. ఆమెకు కలిగించిన విడుదల. తన ముందున్న ప్రతివానిని గూర్చి వీడు బ్రతుకదగినవాడా యని తీర్పు చెప్పవలసివచ్చిన వైద్యునికి నిద్ర పట్టునా? ఒక్కసారి అట్లు తీర్పు చెప్ప మొదలిడినచో, నేడు రైలు పడగొట్టినవానితో ఆరంభమైనది రేపు ఇతర మతమువానితో, ఎల్లుండి మన పార్టీకి ఓటు వేయనివానితో ముగియును.

నేటాలులోని తెలుగు కూలీలు

ఇది మానవులకు సాధ్యమా యని సందేహించువారు మన పూర్వుల చరిత్రనే ఒకమారు చూడవచ్చును. ఖరగ్‌పూరునకు కూలికి వెళ్ళినట్లే, అంతకుముందే తెలుగువారు సముద్రములు దాటి పోయిరి. 1860 నవంబరు 16న మద్రాసునుండి వచ్చిన ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలో నేటాలులోని డర్బను రేవు చేరినది. అది మొదలు వేలకొలది తెలుగువారు, తమిళులు చెరకుతోటలలో ఒప్పందపు కూలీలైరి. 1899లో ఆంగ్లేయులకును బోయర్లకును యుద్ధము వచ్చినపుడు గాంధీగారు భారతీయులతో ఒక అంబులెన్సు దళమును ఏర్పరచిరి. అందులో సుమారు 1,100 మంది యుండిరి. వారిలో 300 మంది స్వతంత్రులు. మిగిలినవారందరు ఒప్పందపు కూలీలు. గాంధీగారి సానుభూతి బోయర్లవైపుననే యుండినట్లు ఆయనయే తరువాత వ్రాసిరి. అయినను ఆ దళము గాయపడినవారిని స్ట్రెచర్లపై మోసికొని దినమునకు 20, 25 మైళ్ళు నడచినది. తుపాకిగుండ్ల పరిధిలోనికి పోనక్కరలేదని ముందు ఒప్పుదల యుండినను, 1900 జనవరిలో స్పియన్ కాప్ యుద్ధమున అవసరము కలిగినప్పుడు వారు ఆ పరిధిలోనికి వెళ్ళి పనిచేసిరి.

1906లో జూలూల తిరుగుబాటు కాలమున జరిగినది ఇంతకంటె గొప్పది. 24 మందితో గాంధీగారు మరల సేవకు వెళ్ళిరి. వారికప్పగించిన జూలూలలో పెక్కుమంది యుద్ధమున గాయపడినవారు కారు. అనుమానముతో కొరడాలతో కొట్టబడి, పుండ్లు పట్టి కుళ్ళుచున్నవారు. తెల్ల నర్సులు వారిని తాకుటకు ఇష్టపడలేదు. తెల్ల సైనికులు కంచెవద్ద నిలిచి, వారికి కట్లు కట్టవద్దని మనవారిని వారించిరి. మనవారు వినలేదు. సైన్యమున చేరియు, ఆ సైన్యమువాడు కొట్టిన గాయమును కడుగవచ్చునని వారు చూపిరి. మన చట్టము కోరునదియు ఇదియే. వైద్యుడు ఏ పక్షమునకును చెందనివాడుగ నుండవలెనని అది చెప్పదు. సైనికవైద్యుడు తన సైన్యమువాడే. గాయపడినవానిని మాత్రము ఏ పక్షమువానిగను చూడరాదని చెప్పుచున్నది. హృదయమునకు పక్షముండవచ్చును, చేతులకు ఉండరాదు.

వ్రతమునకు నియమములు

ఈ రక్షణ ఊరక వచ్చునది కాదు. వైద్యునిపై దాడి చేయరాదని లోకము మాట యిచ్చినపుడు, వైద్యుడును లోకమునకు ఒక మాట యిచ్చినాడు. అంబులెన్సులో తూటాలు తరలింపరాదు. ఆసుపత్రి మేడను గూఢచారులకు కావలిగోపురముగ నీయరాదు. తననుగాని తన రోగులనుగాని కాపాడుకొనుటకు సైనికవైద్యుడు చిన్న ఆయుధము ధరింపవచ్చును. దానితో దాడికి పోయినచో తన రక్షణను తానే కోల్పోవును. తెల్ల నేలపై ఎఱ్ఱ శిలువ చిహ్నము ఈ మాటకు గుర్తు. కొన్ని దేశములలో ఎఱ్ఱ నెలవంకయు, 2007నుండి ఎఱ్ఱ స్ఫటికచిహ్నమును అట్లే చెల్లుచున్నవి. మన పట్టణములలో మందుల దుకాణముల బోర్డులపై, డాక్టర్ల కార్లపై ఆ ఎఱ్ఱ శిలువను చిత్రించుకొనుట పరిపాటి. 1960నాటి చట్టమునుబట్టి అనుమతి లేక దానిని వాడుట నేరమని ఎందరికి తెలియును? చిన్న విషయమని త్రోసివేయరాదు. అది వ్యాపారపు బొమ్మ కాదు, ప్రాణరక్షణకై చేసిన ప్రమాణము. శాంతికాలమున ప్రతి గోడపైనను చులకనయైన చిహ్నమును యుద్ధకాలమున తుపాకి పట్టినవాడెవడు నమ్మును?

బోధించు బాధ్యత ఎవరిది?

మొదటి జెనీవా ఒడంబడిక 47వ అధికరణమున ఒక విశేషము కలదు. ఈ నియమములను రాజ్యములు ప్రజలందరికి తెలియజేయవలెననియు, ముఖ్యముగ మూడు తెగలవారికి నేర్పవలెననియు అది విధించుచున్నది: సైనికులు, వైద్యసిబ్బంది, సైన్యములతో నుండు మతబోధకులు. తుపాకి పట్టినవాడు, మందు పట్టినవాడు, ధర్మము చెప్పువాడు, ఈ మువ్వురును ముందు తెలిసికొనవలెనని లోకము తలచినది. ఆ మూడవ పేరు చదివినప్పుడు, సైన్యముతో సంబంధము లేకున్నను, ధర్మప్రసంగములు చేయు మావంటివారిని గూడ అది వేలెత్తి చూపినట్లు నాకు తోచినది. గీతను బోధింతుము, గాయపడినవానికి పక్షము లేదని ఎన్నిమారులు బోధించితిమి?

ముందుగనే నేర్పవలెననుటకు కారణము కలదు. పోరు మొదలైన పిదప, ఊరంతయు పగతో మండుచున్నపుడు, ఎవ్వరును క్రొత్త ధర్మమును నేర్చుకొనలేరు. అంతకుముందు అలవడినదే అప్పుడు చేతికి వచ్చును. రైల్వేవారికి ఈ సత్యము బాగుగ తెలియును. ప్రమాదపు సైరను మ్రోగినపుడు సహాయవైద్యబండి కదలవలెనన్నచో, ఏ ప్రమాదము లేని దినములలోనే దానిని సిద్ధముగ నుంచి అభ్యాసము చేయవలెను. సెంట్‌జాన్ అంబులెన్సువారి ప్రథమచికిత్స తరగతులు రైల్వేలలో చిరకాలముగా జరుగుచున్నవి. రక్తము ఆపుట, విరిగిన ఎముకకు బద్ద కట్టుట నేర్పునప్పుడే, ఎవరిని ముందు చూడవలెను, అంబులెన్సులో ఏమి ఎక్కింపరాదు, ఎఱ్ఱ శిలువ ఎవరిది, వార్డు వాకిట తుపాకితో నిలిచి కేకలు వేయువానికి ఏమి సమాధానము చెప్పవలెను అను నాలుగు మాటలు గూడ నేర్పవచ్చును. నర్సుల పాఠశాలలలోను, సహాయకార్యములకు వెళ్ళు యువకసంఘములలోను, సేవాశ్రమములలోను దీనికొక పూట కేటాయించినచో చాలును. అది పరీక్షకై చదువు పాఠము కాక, దినదినము స్మరించు వ్రతము కావలెను.

చేతుల సాధన

ఇక ఆ సోదరికి చెప్పవలసిన మాట. శ్రీరామకృష్ణులు ఒక సాధువు కథ చెప్పుచుండెడివారు. దుర్మార్గుడొకడు సాధువును స్పృహ తప్పునట్లు కొట్టెను. తోటి సాధువులు మఠమునకు మోసికొనిపోయి, నోట పాలు పోసి, తెలివి వచ్చినదో లేదో తెలిసికొనుటకు పాలు త్రాగించుచున్నవాడెవడని యడిగిరి. కొట్టినవాడే పాలు పోయుచున్నాడని ఆ సాధువు బదులిచ్చెను. మనమా కథను సాధువు వైపునుండి విని ఆశ్చర్యపడుదుము. పాలు పోసినవాని వైపునుండి గూడ దానిని వినవలెను. ఆ క్షణమున అతని పని ఒక్కటియే: నోరు ఎండిన ప్రాణికి పాలు పోయుట. కొట్టినదెవడు, కొట్టబడినదెవడు అను విచారము ఆ పాలగిన్నెలో లేదు. జీవుని శివునిగా సేవింపుమన్న ఆ మహనీయుని మాటలో, ముందు ఆ జీవుని గుణగణములు విచారింపుమను షరతును లేదు.

కాని అమ్మా, నీవు సాధువువు కావు, నేనును కాను. వానిని ప్రేమింపుమని నేను నిన్ను కోరలేను. క్షమింపుమని కోరుటకు నేనెవడను? నీ కోపము న్యాయమైనది. ఆ పిల్లలకొరకు ఏడ్చిన కన్నులు ఏడ్చినందుకు సిగ్గుపడనక్కరలేదు. ధర్మము నిన్నడుగుచున్నది నీ హృదయమును కాదు. నీ చేతులను మాత్రమే. పక్కపై నున్న గాయమును కడుగుము, కట్టు కట్టుము, గంట కొకసారి నాడి చూడుము. పోలీసు వచ్చునేని రానిమ్ము; కోర్టు విచారించునేని విచారింపనిమ్ము. ఆ పనులు వారివి. కర్మయోగమనగా భావము కుదిరిన పిదప చేయు పని కాదు. భావము ఎదురుతిరుగుచున్నను విధి యెరిగి చేయు పని. అట్లు చేయగా చేయగా ఒకనాడు హృదయము చేతుల వెంట నడచిన నడువవచ్చును. నడువకపోయినను నీ ధర్మమునకు లోపము లేదు.

ఆ రైలులోని పిల్లలను నీవు ఎత్తుకొన్నపుడు వారు ఎవరి పిల్లలో, ఏ ఊరివారో, ఏ భాషవారో నీవు అడుగలేదు. అడుగకయే ఎత్తుకొంటివి. అందుచేతనే ఆ చేతులను నా ముందు చాచి, అంత నిబ్బరముగా ప్రశ్నింపగలిగితివి. ఆ అడుగకపోవుటయే నీ చేతుల పవిత్రత. రేపు వచ్చువానిని గూర్చియు అడుగవలదు.